ట్రూమన్ సిద్ధాంతము: మాటకును పనికిని నడుమ గల యెడము

రెండవ ప్రపంచయుద్ధానంతరము అమెరికా సంయుక్త రాష్ట్రములు విదేశములందు కమ్యూనిజమును అరికట్టుటకై అవలంబించిన విధానమును గూర్చి విపులమైన వాఙ్మయము బయలువెడలినది. సోవియట్ రష్యాయొక్క రాజ్యవిస్తరణకాంక్షయే సర్వమునకును మూలమని కొందరు వ్రాసిరి. అమెరికా ధనస్వామ్యముయొక్క విపణితృష్ణయే మూలమని మరికొందరు వ్రాసిరి. ఈ రెండు వాదముల బలాబలములను తేల్చుట మా యుద్దేశము కాదు. భాషావిషయమున కృషిచేయు శాఖవారి పత్రికయందు వ్రాయుచున్నాము గనుక, ఆ విధానము ఏ మాటలలో ప్రకటింపబడెనో, ఆ మాటలు ఏల ఆ రూపము దాల్చెనో, పలికినవారినే అవి పిమ్మట ఎట్లు బంధించెనో చూపుటకు మాత్రము యత్నించెదము. చేయదలచిన పని చిన్నదై, దానికి వలయు ధనము ఇతరుల చేతిలో నున్నప్పుడు, పనిని మించిన మాట పలుకుట ప్రభుత్వములకు సహజము. 1947 మార్చి 12వ తేదీన అధ్యక్షుడు ట్రూమన్ చేసిన ప్రసంగము అట్టిదని మా యభిప్రాయము.

ఆ సంవత్సరము ఫిబ్రవరి 20వ తేదీన బ్రిటిషు ప్రధాని అట్లీ, 1948 జూన్ నెలకు మించకుండ భారతదేశమున అధికారమును భారతీయుల హస్తగతము చేయుదుమని కామన్సు సభలో ప్రకటించెను. ఈ ప్రకటనము మనకందరికిని తెలిసినదే. దాని మరునాడు జరిగిన దానిని మన పాఠ్యగ్రంథములు సాధారణముగా చెప్పవు. 21వ తేదీ శుక్రవారమునాడు వాషింగ్టనులోని బ్రిటిషు రాయబార కార్యాలయమునుండి అమెరికా విదేశాంగశాఖకు రెండు లేఖలు చేరినవి. ఒకటి గ్రీసును గూర్చినది, రెండవది టర్కీని గూర్చినది. మార్చి 31వ తేదీ తరువాత ఆ రెండు దేశములకును తాము ధనసహాయము చేయజాలమని బ్రిటిషు ప్రభుత్వము అందు తెలిపెను. విదేశాంగమంత్రి మార్షల్ ఊరిలో లేనందున నకళ్ళను ముందుగా శాఖాధికారులకిచ్చి, సోమవారమునాడు రాయబారి వానిని ఆచారానుసారముగా మంత్రికి సమర్పించెను. ఆ శీతకాలమున బ్రిటనులో మంచు పేరుకొని, బొగ్గు కదలక, కర్మాగారములు మూతపడియుండెను. పాలస్తీనా సమస్యను ఐక్యరాజ్యసమితికి వదలివేయుటకు బ్రిటను నిశ్చయించుకొన్నదియు ఆ నెలలోనే. ఈ మూడింటిని ఒకచోట పెట్టి చూచినగాని గ్రీసు లేఖయొక్క నిజస్వరూపము తెలియదు. ఏ ఆర్థికదౌర్బల్యము మన స్వాతంత్ర్యమును త్వరపరచిన కారణములలో నొకటి యయ్యెనో, అదియే మధ్యధరా సముద్రతీరమున బ్రిటను మోయుచుండిన భారమును అమెరికా ముంగిట దింపినది.

భారము స్వీకరించుటకు ట్రూమన్ ప్రభుత్వమునకు అభ్యంతరము లేకుండెను. కాని ధనమునకు కాంగ్రెసు అనుమతి కావలయును. (ఇచట కాంగ్రెసు అనగా అమెరికా శాసనసభ యని పాఠకులు గ్రహింతురు గాక.) 1946 నవంబరు ఎన్నికలలో రిపబ్లికను పక్షము ఉభయసభలలోను ఆధిక్యము సంపాదించెను, సెనేటులో వారి బలము 51, డెమొక్రాటులది 45. పన్నులు తగ్గింతుము, ప్రభుత్వవ్యయము తగ్గింతుము అని వాగ్దానము చేసి గెలిచినవారు వారు. అధ్యక్షుడు కోరిన 3750 కోట్ల డాలర్ల వార్షిక వ్యయములో 600 కోట్లు కోయవలెనని ప్రతినిధుల సభయు, 450 కోట్లు కోయవలెనని సెనేటును ఆ ఫిబ్రవరి మాసముననే తీర్మానించుచుండెను. అట్టివారి కడకు పోయి, అమెరికా ప్రజలలో ననేకులు పటములోనైన చూచి యెరుగని దేశమునకై చేయి చాపవలసివచ్చినది.

ఇట్టి ఇరకాటమున ఏ మాట పనిచేయునో ప్రభుత్వమువారికి ముందే ఒక అనుభవము గలదు. 1945 డిసెంబరులో బ్రిటనుకు 375 కోట్ల డాలర్ల ఋణమిచ్చుటకు ఒడంబడిక జరిగెను. దానిని సమర్థించినవారు మొదట వాణిజ్యలాభములను గూర్చియే ఉపన్యసించిరి. కాంగ్రెసులో ఎవ్వరికిని ఉత్సాహము కలుగలేదు. బ్రిటను కూలినచో పశ్చిమైరోపా రష్యావైపు మొగ్గునన్న మాట పుట్టిన పిదపనే వోట్లు కదలినవి. 1946 జూలైలో ప్రతినిధుల సభ 219 – 155 వోట్లతో ఆ ఋణమును ఆమోదించెను. లెక్కలు చెప్పిన నిద్రించిన సభ్యులు భయము చెప్పిన మేల్కొనిరి. ఈ పాఠమును విదేశాంగశాఖవారు మరువలేదు.

1947 ఫిబ్రవరి 27వ తేదీన ట్రూమన్ కాంగ్రెసు నాయకులను శ్వేతభవనమునకు పిలిపించెను. మార్షల్ విషయమును వివరించెను. ఆయన సైన్యాధిపతిగా మహాకీర్తి గడించినవాడేగాని ఆనాటి మాట సభ్యుల కెక్కలేదు. బ్రిటనుయొక్క చిప్పలు మనమేల కడుగవలయు నన్న ధోరణిలో ప్రశ్నలు వచ్చినవి. అంతట ఉపమంత్రి డీన్ అచెసన్ తనకు మాటలాడుట కవకాశ మిమ్మని కోరెను. పీపాలో ఒక ఆపిలుపండు కుళ్ళినచో తక్కిన పండ్లు కుళ్ళునట్లు, గ్రీసు చెడినచో ఇరానును తూర్పుదేశములును, ఆసియా మైనరు ఈజిప్టుల మీదుగా ఆఫ్రికాయు, ఇటలీ ఫ్రాన్సుల ద్వారమున ఐరోపాయు చెడునని ఆయన చెప్పెను. సభ నిశ్శబ్దమయ్యెను. సెనేటు విదేశవ్యవహార సంఘాధ్యక్షుడైన వాండెన్‌బర్గ్, అధ్యక్షుడు ఈ మాటలనే ఈ రీతినే కాంగ్రెసునకు స్వయముగా వినిపించినచో తాము తోడ్పడుదుమని పలికెను. దేశమును హడలగొట్టినగాని డబ్బు రాదని వాండెన్‌బర్గ్ సలహా యిచ్చెనని ఒక ఐతిహ్యము ప్రచారమున నున్నది. పిమ్మటివారి స్మృతులలో పాఠభేదములతో గానవచ్చు ఆ వాక్యమును మూలపాఠముగా గ్రహించుటకు వీలులేదు. ఐనను దాని తాత్పర్యము జరిగిన కథకు విరుద్ధము కాదు.

ప్రసంగపు చిత్తుప్రతి విదేశాంగశాఖలో తయారైనది. ఇచటనే మనబోటివారికి ఆసక్తి గల విషయములు గలవు. ఆ ప్రతిని చూచిన జార్జి కెన్నన్ అనునతడు, గ్రీసునకు సాయము చేయుట సమంజసమేగాని ప్రపంచమునకంతకు వర్తించు ప్రతిజ్ఞ చేయుట తగదనెను. టర్కీకి సైనికసహాయము అవసరమే లేదనెను. మాస్కో సమావేశమునకు పోవుచు పారిసులో ఆగియున్న మార్షల్‌కు ప్రతి పంపగా, అలంకారము మితిమీరినదని ఆయనయు తలచెను. కమ్యూనిజపు ప్రమాదమును నొక్కిచెప్పనిదే సెనేటు అంగీకరింపదని వాషింగ్టనునుండి ఆయనకు ప్రత్యుత్తరము వెళ్ళినదని, మార్షల్ వెంటనున్న బోలెన్ తన జ్ఞాపకములలో వ్రాసియున్నాడు. మా వాదమునకు ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యము అక్కరలేదు. మాట యొక్క పరిమాణమును నిర్ణయించినది గ్రీసు కొండలలోని పరిస్థితి కాదు, సెనేటులోని పరిస్థితి.

ట్రూమన్ స్వయముగా చేసిన సవరణ మరియొకటి గలదు. స్వేచ్ఛాజాతులు సాయుధములైన అల్పసంఖ్యాకవర్గములచేతగాని బాహ్యశక్తుల ఒత్తిడిచేతగాని లొంగదీయబడకుండ ఎదిరించుచుండగా వారికి తోడ్పడుట అమెరికా విధానము కావలెనని చిత్తుప్రతిలో నుండెను. అందలి క్రియ ఔచిత్యబోధకము; తోడ్పడుట తగును, మంచిది అన్నంత మాత్రమే దాని బలము. ఇది పిరికిమాటగా నున్నదని తాను దానిని కొట్టివేసి, తోడ్పడియే తీరవలయునను అర్థమిచ్చు క్రియను పెట్టితినని ట్రూమన్ తన ఆత్మకథలో చెప్పుకొనెను. ఆంగ్లమున అది నాలుగక్షరముల భేదము. మన భాషలో చెప్పవలెనన్న 'చేయదగును' అనుటకును 'చేసి తీరవలయును' అనుటకును గల భేదము. మొదటిది వివేచనకు చోటిచ్చును. రెండవది ఇయ్యదు.

మార్చి 12వ తేదీన ఉభయసభల సంయుక్తసమావేశమున ఆ ప్రసంగము జరిగెను. 1948 జూన్ 30వ తేదీ వరకు గ్రీసు టర్కీలకై 40 కోట్ల డాలర్లు ట్రూమన్ కోరెను. అందు గ్రీసునకు 30 కోట్లు, టర్కీకి 10 కోట్లు ఉద్దేశింపబడినవి. గత యుద్ధమున అమెరికా వెచ్చించిన 34,100 కోట్ల డాలర్లతో పోల్చిన ఇది నూటికి పదియవవంతు కంటె కొంచెమే ఎక్కువ యని ఆయన లెక్కచెప్పెను. గ్రీకు ప్రభుత్వము నిర్దుష్టము కాదని ఒప్పుకొనెను. అంతవరకు అది ఒక ఋణదాత చెప్పు మాటవలె నున్నది. కాని నడుమ ప్రపంచమున రెండు జీవితవిధానములు గలవనియు, ప్రతిజాతియు వానిలో నొకదానిని ఎంచుకొనవలసి యున్నదనియు చెప్పిన భాగమొకటి గలదు. సోవియట్ రష్యా పేరు ప్రసంగమున ఎచటను లేదు. శత్రువు పేరు చెప్పిన అతడొకడే శత్రువగును. పేరు చెప్పకున్న, ఎచట ఏ తిరుగుబాటు తలయెత్తినను శత్రువచటనే యున్నాడని తలచుటకు వీలు కలుగును. ఈ పేరులేమిని దౌత్యమర్యాద యని నాడు తలచిరి. దాని ఫలము మాత్రము మర్యాదతో ఆగలేదు.

పలుకుబడి ఎంత విశాలమయ్యెనో మరుక్షణముననే పలికినవారికి తెలిసివచ్చినది. కాంగ్రెసు సంఘముల విచారణలలో అచెసన్ దానిని కుదించుటకు చాల పాటుపడెను. ఇది అన్నిచోట్ల ఒకే తీరున వర్తించు సూత్రము కాదనియు, ఏ దేశము అడిగినను ఆ దేశపు పరిస్థితినిబట్టి యోచింతుమనియు చెప్పెను. అంతకు పూర్వము చైనాలో మిషనరీ వైద్యుడుగా నుండిన వాల్టర్ జడ్ అను ప్రతినిధి, గ్రీసున ఒక న్యాయము, చైనాలో ఒక న్యాయమా యని అడిగెను. చైనా ప్రభుత్వము గ్రీసువలె పతనావస్థలో లేదనియు, కమ్యూనిస్టులచేత దానికి ఓటమి భయము లేదనియు అచెసన్ బదులు చెప్పెను. రెండున్నర సంవత్సరములలో ఆ బదులు ఆయనకే ఉరియైనది. ఏప్రిల్ 22వ తేదీన సెనేటు 67 – 23 వోట్లతో సాయమును ఆమోదించెను. మే నెలలో ప్రతినిధుల సభయు అంగీకరించెను. మే 22వ తేదీన అది శాసనమయ్యెను. ఇంత ఆధిక్యము లభించుటను చూచిన, చిన్నమాటతో అడిగినను ధనము వచ్చెడిదని మాకు తోచుచున్నది. కాని ఫలము తెలిసిన పిదప చెప్పుట సులభము; ఆ ఫిబ్రవరిలో నిలిచి చూచినవారికి సందేహము కలుగుట న్యాయమే.

ఇంతకును గ్రీసున జరుగుచుండినది యేమి? జర్మనులు 1944 అక్టోబరులో వెడలిపోయిన తరువాత, వారితో పోరాడిన వామపక్షదళములకును, బ్రిటిషువారు నిలబెట్టిన ప్రభుత్వమునకును పొత్తు కుదరక, డిసెంబరులో ఏథెన్సు వీథులలోనే యుద్ధము జరిగినది. 1946లో అది అంతర్యుద్ధముగా మరల రగిలినది. తిరుగుబాటుదారులకు ఆశ్రయమిచ్చినవి యుగోస్లావియా, అల్బేనియా, బల్గేరియాలు. స్టాలినుకు ఇందు పట్టుదల తక్కువ. 1944లోనే చర్చిల్‌తో మాస్కోలో కూర్చుండి గ్రీసున నూటికి తొంబది పాళ్ళు బ్రిటనువని ఒప్పుకొన్నవాడాయన. 1948 ఫిబ్రవరిలో తమతో మాటలాడుచు ఆ తిరుగుబాటును ముగింపవలసినదని స్టాలిన్ చెప్పెనని యుగోస్లావు నాయకుడు జిలాస్ వ్రాసెను. ఆ వేసవిలో టిటోకును స్టాలినుకును చెడినది. 1949 జూలైలో టిటో సరిహద్దు మూసివేసెను. అక్టోబరునకు యుద్ధము ముగిసినది. అమెరికా ధనమును, ఆయుధములును, సేనాని వాన్‌ఫ్లీట్ నడపిన సైనికసలహాసంఘమును ఈ విజయమునకు తోడ్పడినమాట నిజము. కాని ఒక కమ్యూనిస్టు మరియొక కమ్యూనిస్టుతో కలహించుటయు అంతకు తక్కువగా తోడ్పడలేదు. ప్రపంచము రెండుగా చీలియున్నదని చెప్పిన ప్రసంగమునకు మొదటి విజయము, ఆ రెండింటిలో ఒకటి మరల రెండుగా చీలుటవలన చేకూరినది. ఈ వైచిత్ర్యమును నాడు ఎక్కువమంది గమనింపలేదు.

ఇక 'కంటెయిన్‌మెంట్' అను మాటను విచారింతము. దీనిని ప్రసిద్ధికి తెచ్చినవాడు పైని చెప్పిన కెన్ననే. 1946 ఫిబ్రవరి 22వ తేదీన మాస్కో రాయబార కార్యాలయమునుండి ఆయన పంపిన దీర్ఘమైన తంతి ఆయన పేరును వాషింగ్టనులో మారుమ్రోగించెను. అది ఎనిమిదివేల మాటల తంతియని ప్రసిద్ధి. లెక్కించినవారు అయిదువేల పైచిలుకని తేల్చిరి. ఎంత సూక్ష్మముగా వ్రాసినవారికిని పరిమాణమును పెంచి చెప్పువారు దొరకుదురు! 1947 జూలైలో 'ఫారిన్ ఎఫైర్స్' పత్రికలో ఎక్స్ అను అక్షరముమాత్రము సంతకముగా ఆయన వ్రాసిన వ్యాసమున ఈ మాట వెలసెను. తెలుగున దీనిని నిరోధమనవచ్చును, కట్టడి యనవచ్చును. మాకు మాత్రము అడ్డుకట్ట యనుటయే సరియని తోచుచున్నది. ఏలనన, సోవియట్ రాజకీయచర్యను కెన్నన్ పారు నీటితో పోల్చెను. వదలిన ప్రతి పల్లమునకును అది పారును, అడ్డు దొరకిన ఆగును. కట్ట ఎక్కడ వేయవలెనో, ఏ గండి పూడ్చవలెనో, ఏ మడి మునిగినను కొంప మునుగదో రైతుకు తెలిసియుండవలెను. కెన్నన్ మనసులో నున్న లెక్కయు అట్టిదే. పారిశ్రామికబలము గల కేంద్రములు ప్రపంచమున అయిదే: అమెరికా, బ్రిటను, రైన్ నదీప్రాంతము, జపాను, సోవియట్ దేశము. అయిదవదానిని తక్కిన వానికి ప్రాకనీయకున్న చాలును. ఆ ప్రాకుటను ఆపవలసినదియు తుపాకితో కంటె అన్నముతో. మార్షల్ పేర పదునారు దేశములకు 1948 మొదలుకొని నాలుగేండ్లలో 1300 కోట్ల డాలర్లకు పైగా అందిన ఐరోపా పునరుద్ధరణ పథకము ఈ భావమునకు చేరువగా నున్నది. కాని ఈ లెక్క వ్యాసమున లేదు. ఎచట ఆక్రమణలక్షణము గనబడిన అచట అడ్డుట యన్న అర్థమే చదువరులకు తోచెను. రాజకీయప్రమాదమునకు రాజకీయమైన అడ్డును ఉద్దేశించితిననియు, స్థలభేదమును స్పష్టపరుపక లోపము చేసితిననియు కెన్నన్ 1967లో ప్రకటించిన జ్ఞాపకములలో ఒప్పుకొనెను. వ్యాసము వెలువడిన రెండు నెలలకే వాల్టర్ లిప్‌మన్ పత్రికలలో వరుసగా వ్రాసి, ఈ విధానము ఎల్లలేని భారమనియు, ఎచట పోరాడవలెనో నిర్ణయించు స్వాతంత్ర్యమును ప్రతిపక్షికే వదలుచున్నదనియు ఖండించెను. కెన్నన్ మనసులోని మాటనే లిప్‌మన్ కెన్ననునకు ప్రతివాదముగా వ్రాయవలసివచ్చుట వాఙ్మయచరిత్రలో అరుదైన సంగతి.

విదేశమునకై పలికిన మాట స్వదేశమునకు మరలి వచ్చుటకు తొమ్మిది దినములు పట్టినది. మార్చి 21వ తేదీన ట్రూమన్ 9835వ సంఖ్యగల ఉత్తరువుపై సంతకము చేసి, ప్రభుత్వోద్యోగులందరి రాజభక్తిని పరీక్షించుటకు ఏర్పాటు చేసెను. కమ్యూనిజము ఇంత ప్రమాదకరమని మీరే చెప్పుచుండగా మీ కార్యాలయములలోని వారి మాటయేమి యని రిపబ్లికనులు అడుగకమునుపే బదులు సిద్ధపరచుట అందలి యుక్తి. ఈ యుక్తి తిరగబడినది. 1949లో చైనా కమ్యూనిస్టుల వశమయ్యెను; అదే సంవత్సరము ఆగస్టులో రష్యా అణ్వస్త్రమును పరీక్షించెను. ప్రతి స్వేచ్ఛాజాతికిని తోడ్పడి తీరవలయునని అధ్యక్షుడే చెప్పియుండగా చైనా పోయినచో దానిని పోగొట్టినవాడెవడో యుండవలెను గదా! 1950 ఫిబ్రవరి 9వ తేదీన వెస్ట్ వర్జీనియాలోని వీలింగ్ పట్టణమున సెనేటరు మెకార్తీ, విదేశాంగశాఖలోని కమ్యూనిస్టుల పట్టిక తన చేతనున్నదనెను. వారి సంఖ్య 205 అని ఒకమారును, 57 అని మరియొకమారును చెప్పెను. వారి పేర్లను ఆయన రుజువుచేసినది లేదు.

ఇచటను ఒక మాటమార్పు మన దృష్టి నాకర్షించును. 1947 ఉత్తరువు ప్రకారము ఉద్యోగిని తొలగించుటకు అతడు రాజద్రోహి యని నమ్ముటకు తగిన ఆధారము కావలయును. 1951 ఏప్రిల్ 28వ తేదీన చేసిన సవరణచే, రాజభక్తిని గూర్చి తగిన సందేహమున్న చాలునని మార్చిరి. ఆధారము చూపవలసినవాడు ఆరోపించువాడు. సందేహము తీర్పవలసినవాడు ఆరోపింపబడినవాడు. భారము ఒకరి భుజమునుండి మరియొకరి భుజమునకు మారినది. చైనాలో మిషనరీ కుటుంబమున జన్మించి, 1944లో యెనాన్ పోయి మావో మొదలగువారిని కలిసికొని, చాంగ్ కై షేక్ ప్రభుత్వము నిలువదని నివేదించిన జాన్ సర్వీస్ అను అధికారిని విచారణసంఘములు పలుమారులు నిర్దోషియనెను. మాట మారిన తరువాత, 1951 డిసెంబరులో, సందేహమున్నదని తొలగించిరి. ఆయన ఆవిరియంత్రముల ఉపకరణములు చేయు సంస్థలో పనిచేసి బ్రదికెను. 1957లో సుప్రీంకోర్టు ఆ తొలగింపు చెల్లదని తీర్పుచెప్పినది. చైనాలోనే పుట్టిన మరియొక అధికారి జాన్ పేటన్ డేవిస్‌ను 1954లో తొలగింపగా ఆయన పెరూ దేశమునకు పోయి గృహోపకరణముల కర్మాగారము నడపుకొనెను. వీరు చెప్పినది జరిగెను. జరుగునని చెప్పుటయే నేరమయ్యెను. ఆసియా భాషలు నేర్చి, ఆసియా గ్రామములు తిరిగి, అచటి జనులు ఏమనుకొనుచున్నారో వ్రాసి పంపగల తరము విదేశాంగశాఖలో ఈ విధముగ సమసినది. మా దృష్టిలో ట్రూమన్ ప్రసంగమునకు చెల్లించిన మూల్యములలో ఇది మొదటిది, పెద్దదియు.

కొరియా యుద్ధమును గూర్చి విస్తరించుటకు తావు లేదు. 1950 జూన్ 25వ తేదీన ఉత్తరకొరియా దండెత్తినది. సెప్టెంబరునకు దానిని వెనుకకు నెట్టిరి. అచటనే ఆగియున్న అది అడ్డుకట్టయే. సేనలు 38వ అక్షాంశరేఖ దాటుటతో అది వేరొకటియైనది. అమెరికా సేనలు రేఖ దాటినచో చైనా ఊరకుండదని చౌ ఎన్ లై అక్టోబరు మొదట అర్ధరాత్రమున మన రాయబారి పణిక్కరును పిలిపించి చెప్పెను. ఆ మాట వాషింగ్టను చేరెను. చెప్పినవాడు తటస్థదేశపు రాయబారి గనుక నమ్మలేదు. చైనా సేనలు దిగినవి. యుద్ధము 1953 వరకు సాగినది. అమెరికా రక్షణవ్యయము 1950లో సుమారు 1300 కోట్ల డాలర్లుండగా 1953 నాటికి 5000 కోట్లు దాటెను. ఇంత వ్యయమును కోరిన రహస్యపత్రము, జాతీయభద్రతామండలి 68వ సంఖ్య గలది, యుద్ధమునకు ముందే 1950 ఏప్రిల్‌లో సిద్ధమైయుండెను. ఆ కాలమును తలచుకొనుచు అచెసన్, ప్రజలను ఒప్పించుటకై తాము విషయములను సత్యముకంటెను స్పష్టముగా చెప్పవలసివచ్చెనని తన గ్రంథమున వ్రాసెను. ఇంత నిర్మొగమాటముగా ఒప్పుకొన్నందుకు ఆయనను మెచ్చుకొనవలసినదే.

ఆ మాటల కొలబద్ద మన దేశమునకును తగిలినది. 1950 డిసెంబరులో మన ప్రభుత్వము ఇరువది లక్షల టన్నుల ధాన్యమునకై అమెరికాను కోరెను. బీహారును మద్రాసు రాష్ట్రమును తిండిగింజలకు కటకటపడుచున్న రోజులవి. రాయలసీమను వరుసగా అనావృష్టి పీడించినది. గ్రీసు టర్కీల శాసనమునకు పది వారములు చాలినవి. మన గోధుమకు ఆరునెలలు పట్టినది. కొరియా విషయమున నెహ్రూ తమ పక్షము వహింపలేదన్న కినుక కాంగ్రెసులో ప్రబలముగా నుండుటయే ఆలస్యమునకు ముఖ్యకారణము. స్వేచ్ఛాజాతి యను మాటకు తమ పక్షపు జాతి యను అర్థము అప్పటికే స్థిరపడినది. తుదకు 1951 జూన్‌లో 19 కోట్ల డాలర్లు ఋణముగా నిచ్చిరి. తరువాత 1954 నాటి 480వ శాసనమున ధాన్యము రూపాయలకే వచ్చుచుండగా, పేరుకొనిన ఆ రూపాయలతో 1962 మొదలు మన భాషల పుస్తకములు కొని అమెరికా గ్రంథాలయములకు పంపిరి. వానిలో తెలుగు పుస్తకములును గలవు. కరవునుండి పుస్తకము పుట్టుట యొక వింత. ఆ సంచయములను నేటికిని మన పరిశోధకులు ఉపయోగించుకొనుచున్నారు.

1952 ఎన్నికలలో రిపబ్లికనులు అడ్డుకట్ట విధానమును నిష్ఫలమనియు నీతిబాహ్యమనియు నిందించి, లొంగిన దేశములను విముక్తము చేయుదుమనిరి. 1956లో హంగెరీ తిరుగబడినప్పుడు వారును చేతులు కట్టుకొని చూచిరి. నిందించినదానినే అవలంబించిరి. 1954 ఏప్రిల్ 7వ తేదీన అధ్యక్షుడు ఐసెన్‌హోవర్, ఇండోచైనాను గూర్చి చెప్పుచు, వరుసగా నిలిపిన డోమినో బిళ్ళలలో మొదటిది పడిన తక్కినవియు పడుననెను. అచెసన్ చెప్పిన ఆపిలుపండ్ల పోలికకు ఇది మనుమరాలు. భేదమొకటి గలదు. పండు కుళ్ళుటకు దినములు పట్టును. ఏరివేయుటకు వ్యవధి యుండును. బిళ్ళ పడుటకు క్షణము చాలును. ఉపమానము మారినకొలది యోచనకు అవకాశము తగ్గినది.

1964 ఆగస్టు 7వ తేదీన టాంకిన్ తీర్మానమును ప్రతినిధుల సభ 416 – 0 వోట్లతోను, సెనేటు 88 – 2 వోట్లతోను ఆమోదించెను. 1947లో సెనేటున కాదన్నవారు 23 మంది, పదునేడేండ్లకు ఇద్దరు. వారు మోర్స్, గ్రూనింగ్ అనువారు. చైనా పోయిన నాటినుండి ట్రూమన్, అచెసనుల పలుకుబడి క్షీణించెననియు, వియత్నాము పోయినచో తనకు అంతకంటె హీనమగుననియు జాన్సన్ పిమ్మట తన చరిత్రకారిణితో చెప్పెను. ఆ యుద్ధమున అమెరికనులు 58,000 మందికి పైగా మరణించిరి. వియత్నామువారి మరణములు లక్షలు. చైనాకును వియత్నాముకును గల ప్రాచీనవైరమును ఎరిగి చెప్పదగిన అధికారులు అప్పటికి శాఖలో లేరని పైని చెప్పియున్నాము. 1979లో ఆ రెండు కమ్యూనిస్టు దేశములును తమలో తాము యుద్ధము చేసినవి.

1966 ఫిబ్రవరి 10వ తేదీన కెన్నన్ సెనేటు విదేశవ్యవహార సంఘమునెదుట సాక్ష్యమిచ్చెను. వాండెన్‌బర్గ్ ఒకనాడు కూర్చుండిన అధ్యక్షస్థానమున ఫుల్‌బ్రైట్ ఉండెను. వియత్నామునకు తన మాట వర్తింపదనియు, అచట చిక్కుకొనియుండకున్న ఇప్పుడు చిక్కుకొనుటకు కారణమే కనబడదనియు కెన్నన్ చెప్పెను. ఒక టెలివిజను సంస్థ దానిని దేశమంతటికిని చూపినది. సి.బి.ఎస్. సంస్థవారు మాత్రము ఆ సమయమున పలుమారులు చూపిన పాత హాస్యనాటికనే మరల చూపిరి. వారి వార్తావిభాగాధ్యక్షుడు ఫ్రెడ్ ఫ్రెండ్లీ దానికి నిరసనగా కొద్దిదినములలో ఉద్యోగము వదలుకొనెను.